పొయ్యికో గింజ

యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం, మా ఇంటి గుమ్మిలో జొన్నలు అడుగంటిన చోట చిన్న చిన్న కుండలు వచ్చి చేరాయి. ఊరికొక కుండ. ప్రతి కుండ మూతికీ గుడ్డ కట్టి, ముడి మీద లక్క వేసి ఉండేది. మా ఆయన సోమయ్య వాటిని గొంగడి కింద దాచుకుని ఒక్కొక్కటే తెచ్చి గుమ్మిలోకి దించుతుంటే, నేను చంటిపిల్లను ఒళ్లో వేసుకుని గడప మీద కాపలా కూర్చునేదాన్ని. కాపలా అన్నది పేరుకే. బాట మీద ఎవరైనా దగ్గినా నా గుండె జారేది. ఆ భయానికి పాలు సరిగ్గా పడక పిల్ల ఏడ్చేది. పిల్ల ఏడుపు విని ఎవరైనా లోపలికి వస్తారేమోనని ఇంకా భయపడేదాన్ని.

కుండల్లో ఉన్నవి గింజలే. చింతగింజలు, ఆముదం గింజలు కలిసి ఉండేవి. వెట్టికి ఎదురు తిరిగి గుట్టుగా నడిచే మా రైతుల సంఘం జిల్లా సభకు అధ్యక్షునిగా నిలబెట్టడానికి శంషాబాద్ చుట్టుపక్కల ఊర్లన్నీ కలిసి ఒక్క పేరు పంపాలి. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి మా మేనమామ రామచంద్రయ్యది. శంషాబాద్‌లో ఆయనకు బట్టల దుకాణం. పేపరు చదివి పదిమందికి చెప్పేవాడు, రైతులకు అర్జీలు రాసిపెట్టేవాడు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. నాలుగో తరగతి పుస్తకం సగంలో ఉండగా నా పెండ్లయింది, చదువు అక్కడితో సరి. రెండో పేరు తుక్కుగూడ కొండల్‌ది. కౌలురైతు. వెట్టికి రానని పోలీసు పటేలు మొహం మీదే చెప్పి దెబ్బలు తిన్నవాడు. మామకు చింతగింజ, కొండల్‌కు ఆముదం గింజ.

ముందు మా తొండుపల్లిలో గింజలు లేవు, మనుషులనే నిలబెట్టి లెక్కపెట్టారు. మామను కోరేవాళ్లు బావి వైపు, కొండల్‌ను కోరేవాళ్లు కంచె వైపు. లెక్క సగంలో ఉండగా పోలీసు పటేలు వచ్చి, ఏమీ అనకుండా, బీడీ ముట్టించుకుని చూస్తూ నిలబడ్డాడు. అంతే. కంచె వైపున్నవాళ్లలో కొందరు తలలు దించుకుని బావి వైపు జరిగారు. కొందరు ఎటూ కాకుండా ఇండ్లకు నడిచారు. లెక్కలో మామే గెలిచాడు. గెలిచినవాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

“పటేలు కండ్లు లెక్కవెట్టినయి, మనం కాదు. గా లెక్క నాకొద్దు,” అన్నాడట.

అప్పుడు పుట్టింది కుండల ఆలోచన. చీకటి గదిలో కుండ పెట్టి, ఒక్కొక్కరే పిడికిలి మూసి లోపలికి పోయి గింజ వేసి రావాలి. ఒక ఇంట్లో అన్నదమ్ములు వేరు వండుకుంటే రెండు గింజలు, కలిసి తింటే ఒక్కటే. పొయ్యికో గింజ అని అందరూ ఒప్పుకున్నారు. మా ఊరు కూడా మళ్లీ వేసింది. అన్ని ఊర్ల కుండలూ శంషాబాద్ అంగడి నాడు ఒకేసారి విప్పాలి. అందాకా ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, రామచంద్రయ్య మేనకోడలి ఇల్లు వద్దని కొందరన్నారు. కొండలే అడ్డం వచ్చాడు.

“సోమన్న ఇంట్లనే ఉండనీయండి. నాకు నమ్మకమున్నది,” అన్నాడు.

ఆ మాటతో మా ఆయన మెడ మీద కత్తి పెట్టినట్టయింది.

“అమ్మకు చెప్పకు,” అన్నాడు నాతో. “అమ్మ నోట్ల నువ్వుగింజ నానదు. బావి కాడ ఒక్క మాట జారిందంటే అందరం జైలుకే.”

నేను చెప్పలేదు. చెప్పవద్దంటే అత్తకు చెప్పకపోవడం నాకేమంత కష్టం కాదు. మా అత్త దుర్గవ్వ దగ్గర నేను ఏం చెప్పాలన్నా రెండుసార్లు మింగి చెప్పేదాన్ని.

*

పటేలు మా ఇంటికి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. సర్కారుకు కొలవవలసిన లేవీ జొన్నలు దాచుకున్నారని ఇండ్లు సోదా చేస్తున్నామన్నాడు. మా ఆయన పొలంలో ఉన్నాడు. నేను పిల్లను భుజాన వేసుకుని గోడకు అతుక్కుపోయాను.

గుమ్మి మూత తీసి లోపలికి వంగి చూసి, ఒక కుండ బయటికి తీశాడు. అది తుక్కుగూడది.

“ఇదేంది?”

“గింజలు,” అన్నాను చివరికి. “విత్తనాలు.”

“విత్తనాలకు లక్కెందుకు?”

ఆ కుండలను మా అత్త చూడడం అదే మొదటిసారి. అయినా ఒక్క క్షణం కూడా తడబడలేదు. పొయ్యి దగ్గర నుంచి లేచి వస్తూనే అందుకుంది.

“లక్కేస్తే పురుగు వట్టది పటేలా. మీ అమ్మ చెప్పలేదా? అయినా మీ ఇంట్ల విత్తనాలు ఎవరు దాస్తరు, ఊరోళ్ల ఇండ్లల్లకెల్లి వస్తయాయె.”

పటేలు ఆమెను ఒకసారి చూసి, చాకుతో ముడి కోసి గింజలు అరచేతిలో పోసుకున్నాడు. చింతగింజలు, ఆముదం గింజలు. అటూ ఇటూ కదిలించాడు. వాటిలో ఒక ఊరంతా ఉన్నదని అతనికి తెలిసిపోతుందేమోనని అతని అరచేతి మీది నుంచి చూపు తిప్పుకున్నాను. అతను నవ్వి గింజలను కుండలోకి పారబోశాడు.

“జొన్నలుండవలసిన గుమ్మిల చింతగింజలు. మంచి సంసారమే,” అని వెళ్లిపోయాడు.

నేను అక్కడే కూలబడ్డాను. అత్త నా చేతిలోంచి పిల్లను తీసుకుంది.

“ఇంట్ల ఆముదం గింజలు వెట్టుకొని, పిల్ల మాడకు సుక్క ఆముదం లేదని ఏడ్చినవు గదనే. ఏం కోడలివే నువ్వు.”

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. మా ఆయన వద్దన్న మాట అడ్డం వచ్చింది. సాయంత్రం మా ఆయన వచ్చాక జరిగింది చెప్పాను. కుండకు మళ్లీ గుడ్డ కట్టి, అంగడిలోపు సంఘం పెద్దమనిషి శంకరయ్య ఎదుట లక్క వేయిద్దామన్నాడు. అమ్మకు ఇప్పుడైనా చెప్పనా అని అడిగాను.

“నాలుగొద్దుల పని. ఆగు,” అన్నాడు.

మరునాడు నేను గుడ్డలు ఉతకడానికి వాగుకు పోయి వచ్చేసరికి వీధి మొదట్లోనే ఆముదం వాసన వచ్చింది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికిస్తే వచ్చే వాసన. మన ఇంట్లోంచి కాదులే అనుకున్నాను. నా అడుగులు మాత్రం అప్పటికే పరుగందుకున్నాయి.

వాకిట్లో పొయ్యి మీద కుండ తుకతుకలాడుతోంది. అత్త కాళ్లు చాపుకుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. పిల్ల మాడు నల్లగా నిగనిగలాడుతోంది. పిల్ల ఏడవడం లేదు. ఎన్నో రోజుల తర్వాత హాయిగా నిద్రపోతోంది.

“పటేలు విప్పిన కుండల చింతగింజలు పక్కకు పోసిన, వేయించుకొని తినొచ్చు,” అంది అత్త. “ఆముదాలన్నీ దంచినా గిద్దెడు రాలే. ఏడాదైతుంది గా వాసన చూసి.”

నేను తడి గుడ్డల తట్టను కింద పెట్టలేదు. నీళ్లు మెడ మీదుగా కారుతున్నాయి.

“అత్తా,” అన్నాను. “అవి తుక్కుగూడ మనుషులు.”

ఆమెకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నేను మొదటిసారి మింగకుండా అంతా చెప్పాను. కుండలు ఏమిటో, గింజ అంటే ఏమిటో, కొండల్ ఏమన్నాడో. అంతా విని ఆమె పొయ్యిలోని కట్టెలు వెనక్కి లాగింది.

“నాకెందుకు చెప్పలే మీరు?”

నేను తట్టను కిందికి దించాను.

“ఇంట్ల పొయ్యి ముట్టించేది నేను,” అంది. “మన పొయ్యి గింజ వేసిండ్రా?”

“వేసిండు మీ కొడుకు.”

“నన్నడగకనే,” అంది. ఆమె తిట్టకపోవడంతో నాకు భయం రెట్టింపయింది.

మా ఆయన వచ్చి చూసి తల పట్టుకున్నాడు. మొదట అన్న మాట, ఎక్కడి నుంచైనా ఆముదం గింజలు తెచ్చి కుండలో పోద్దామని. “ఎవరికి తెలుస్తది? ఎవ్వరికీ తెల్వదు.”

“ఎన్ని పోస్తవు?” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఎక్కువ పోస్తే మా మామకు అన్యాయం, తక్కువ పోస్తే కొండల్‌కు. ఎన్ని పోసినా అది మేం వేసిన ఓటే, తుక్కుగూడ వేసింది కాదు. చెబితే మాత్రం మేనమామ కోసం ఆముదాలు మాయం చేశారంటారు. సంఘంలో ఎవరూ మా గడప తొక్కరు. అవతల పటేలు, ఇవతల మనవాళ్లు, మధ్యలో మేం ఏమై పోతామోనని పిల్లను గట్టిగా పట్టుకున్నాను. అది మేలుకుని కేరుమంది.

“పోయి మామను, కొండలన్నను పిలువు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

*

మామ, కొండల్, శంకరయ్య ముగ్గురూ వచ్చి మా వాకిట్లో నులక మంచం మీద కూర్చున్నారు. అత్త గోడ పక్కన మూతి ముడుచుకుని కూర్చుంది. విన్న వెంటనే కొండల్ గట్టిగా నవ్వాడు.

“నన్ను దంచి నూనె దీసినవా అవ్వా? పటేలు చేయలేని పని నువ్వు చేస్తివి.”

“నవ్వకురా,” అంది అత్త.

శంకరయ్య ఏ పనికైనా ఒక దారి చూపే మనిషి. “పరేషానెందుకు? తుక్కుగూడల పొయ్యిలెన్నో మనకెరుకే. మిగిలిన చింతగింజలు లెక్కవెడదాం. పొయ్యిలల్లకెల్లి అవి తీసేస్తే మిగిలినయి ఆముదాలే గదా,” అన్నాడు.

కొండల్ తల అడ్డంగా ఊపాడు. “పొయ్యి ఉన్నోళ్లందరు వచ్చిండ్రా తాతా? జ్వరాలొచ్చినోళ్లు రాలే. పటేలు కాడ జీతమున్నోళ్లు భయపడి రాలే. రానోని గింజ నా లెక్కల ఎట్లేస్తవు?”

“వేసుకో,” అన్నాడు మామ. “తప్పు మా పిల్ల ఇంట్ల జరిగింది. అనుమానమున్న గింజలన్ని నీయే అనుకో. నాకేం అభ్యంతరం లేదు.”

“దానం పట్టనీకి వచ్చిన్నా నేను?” కొండల్ నవ్వు పోయింది. “నువ్విస్తే తీసుకునేది కాదు అది. వాళ్లియ్యాలె.”

“మరి మల్ల వేయిద్దాం,” అన్నాడు మామ.

“ఎట్ల? పటేలు నౌకరు మా ఊర్లనే తిరుగుతున్నడు. మగోళ్లు నలుగురు ఒక్క తావుల కూడితే ఠాణాల అమీనుకు కబురు పోతది.”

గోడ పక్క నుంచి మా అత్త గొంతు వినిపించింది.

“ఆడోళ్లు కూడితే ఎవడడుగుతడు?”

అందరూ అటు తిరిగారు.

“పిల్ల పుట్టి ఇన్నాళ్లాయె, నా కోడలికి తల్లిగారింట ఒడిబియ్యం పోయనే లేదు,” అంది. అది ఆమె రోజూ నన్ను అనే మాటే. ఆ రోజు మాత్రం ఎత్తిపొడుపు లేదు. “ఆమె తల్లిగారిది తుక్కుగూడనే గదా. ఊర్లె ఆడోళ్లంతా వచ్చి పోస్తరు. పిడికెడు బియ్యంల గింజ ఉన్నదో లేదో, ఏ గింజనో, దేవునికే ఎరుక.”

శంకరయ్య గడ్డం గోక్కున్నాడు. మామ, కొండల్ ఒకరినొకరు చూసుకున్నారు.

“చెల్లె పోతదా?” అని అడిగాడు కొండల్.

అందరూ నన్ను చూశారు. పోనని ఎట్లా చెప్పాలో తెలియక తల ఊపాను. అది ఒప్పుకోవడం అనుకున్నారు.

కొండల్ తరఫున చూడడానికి అతని తల్లి లచ్చమ్మ నా పక్కన ఉండాలని, మామ తరఫున ఆయన చెల్లెలు, అంటే మా అమ్మ అనంతమ్మ ఉండాలని తీర్మానమయింది.

*

తుక్కుగూడలో మా అమ్మ వాకిలి అలికి ముగ్గు వేసి పీట వేసింది. నేను పిల్లను అమ్మకిచ్చి, కొంగు పరచి కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. పసుపు కలిపిన బియ్యం పిడికిట పట్టుకుని, పిడికిలి నా ఒడిలోకి దింపి లోపలే విడిచేవారు. బొట్టు పెట్టి పక్కకు జరిగేవారు. ఎవరి గింజ ఎప్పుడు జారిందో నాకే తెలియలేదు. లచ్చమ్మ పెద్దమ్మ నా ఎడమ పక్క కూర్చుని, ఒక పొయ్యి నుంచి ఇద్దరు రాకుండా చూస్తోంది. “నువ్వు నీ అత్తతోని కలిసి వండుకుంటవు గదనే, జరుగు,” అని ఒకామెను వెనక్కి పంపింది కూడా.

సగంలో ఉండగా పటేలు నౌకరు వచ్చి తడిక దగ్గర నిలబడ్డాడు.

“ఏందిది, గింతమంది?”

“నా బిడ్డకు ఒడిబియ్యం,” అంది అమ్మ.

“ఒడిల ఏముంది?”

కొంగు జారుతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. లచ్చమ్మ పెద్దమ్మ లేచి నిలబడింది.

“నీ అక్కకు పోసినప్పుడు ఏముండెనో గదే. చూస్తవా? రా, చూడు. ఆడదాని ఒడిల చెయ్యివెట్టినోని ఇల్లు ఏమైతదో మీ అవ్వనడిగొచ్చి మరీ చూడు.”

ఆడవాళ్లు నవ్వారు. అతను నేలకేసి చూసి, ఏదో గొణిగి వెళ్లిపోయాడు. నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

వాకిలి ఖాళీ అయ్యాక పెద్దమ్మ అంది, “ఇంక గడ్డవతల వాడకట్టు ఉన్నది.”

అంటు పేరుతో ఆ వాడవాళ్లు మా వాకిట్లోకి రాకూడదు. మేం వాళ్ల వాకిట్లోకి పోయేవాళ్లం కాదు. మొదటిసారి మగవాళ్ల కుండ మాత్రం అక్కడికి కూడా పోయింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వద్దనలేదు, రమ్మనలేదు. పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని ముఖం తిప్పుకుంది.

“పొయ్యంటే పొయ్యే గదా,” అంది పెద్దమ్మ.

ఇద్దరమే వెళ్లాం. మొదటి గుడిసె దగ్గర పోచమ్మ అనే ఆమె పిడికిలి పట్టుకుని బయటికి వచ్చింది. వెనక నుంచి మొగుడు, “నేను చెప్పింది యాదికున్నది గదా,” అన్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. నా ఒడికి తాకకుండా పైనుంచి జారవిడవబోయింది. బియ్యం సగం నేల పాలయ్యాయి.

“దగ్గరికి రా అక్కా,” అన్నాను.

“తాకుతది బిడ్డా.”

“తాకనీ.”

ఆమె పిడికిలి బియ్యంలోకి దిగింది. అంతకు ముందు ఎవరి పిడికిలీ లోపల అంతసేపు ఉండలేదు. ఏదో ఎంచుకుంటున్నట్టు, ఎంచుకునే పని ఇంకా అయిపోవద్దన్నట్టు ఉంచి, మెల్లగా తీసుకుంది.

*

తిరుగు దారిలో బండి మా ఆయనే తోలాడు. అమ్మ ఊర్లోనే ఉండిపోయింది. పిల్లతో నేను, లెక్కయ్యేదాకా నా పక్కన ఉండవలసిన పెద్దమ్మ. నడుమున మూట కట్టిన ఒడి బరువుకు సరిగ్గా కూర్చోలేకపోయాను. వాగు దగ్గర ఎడ్లను విప్పి నీళ్లకు తోలుకుపోయాడు మా ఆయన. మేం బండి నీడలో కూర్చున్నాం.

“అమృతా, జర ఒడి విప్పు,” అంది పెద్దమ్మ.

“ఎందుకు పెద్దమ్మా?”

“చూస్త.”

పిల్ల పాలు తాగుతోంది. నేను ఒక చేత్తో ముడి వదులు చేశాను. పెద్దమ్మ బియ్యాన్ని వేళ్లతో కెలికింది. పసుపు బియ్యం మధ్య మచ్చల ఆముదం గింజలు, నున్నటి చింతగింజలు పైకి తేలాయి.

“ఆముదాలే మస్తున్నయి,” అంది. ఆ గొంతులో సంతోషం లేదు. కొన్ని ఆముదం గింజలు ఏరి పిడికిట పట్టుకుంది.

“అధ్యక్షుడంటే ముందుగాల పట్టుకపోయేది వాన్నే గదనే?”

నేను పిల్ల తల నిమిరాను.

“మొన్న కొట్టిన దెబ్బలకు ఇంక కుడి చెయ్యి లేస్తలేదు వానికి. నవ్వుకుంట తిరుగుతడు గని నాకెరుకే. గీ నాలుగు వాగుల పడితే నా కొడుకు ఇంట్ల ఉంటడు బిడ్డా.”

“నీ కొడుకు కాకపోతే మా మామ, పెద్దమ్మా.”

“మీ మామ పిల్లలు పెద్దగైండ్రు. నాకు వీడొక్కడే.”

వద్దంటే ఆమె కొడుకును నేనే పట్టిచ్చినట్టు. సరేనంటే మామను నేనే పంపినట్టు. నా మాట మీద ఒక మగవాడి ప్రాణం ఆధారపడడం అదే మొదలు. మా ఆయన త్వరగా వస్తే బాగుండునని వాగు వైపు చూశాను. ఆయన ఎడ్ల వీపులు కడుగుతున్నాడు. ఆయన రాకపోతేనే బాగుండుననీ అనిపించింది. పిల్ల నోరు వదిలి నా ముఖంలోకి చూసింది.

పెద్దమ్మ పిడికిలి విప్పి బొటనవేలితో గింజలను అటూ ఇటూ తిప్పింది.

“వీట్ల పోచమ్మది ఏదో తెలిస్తే దానిది పక్కకు వెట్టి తక్కినయి పారేద్దును,” అంది. కాసేపు చూసింది. “అన్ని ఒక్కతీరుగనే ఉన్నయి.”

చెయ్యి బియ్యంలోకి పెట్టి విడిచింది. ముడి తానే బిగించింది. ఎంత గట్టిగా అంటే నాకు నడుము నొప్పి పుట్టింది.

“బండి కట్టమను. పొద్దు వంగుతున్నది,” అంది.

*

అంగడి నాడు శంషాబాద్ మనుషులతో, ఎడ్లతో నిండి ఉంటుంది. వెనక బండల మధ్య మనవాళ్లు గుంపు కడితే బేరాలాడుతున్నారనే అనుకుంటారు ఎవరైనా. శంకరయ్య ఒక్కొక్క ఊరి కుండ విప్పి గొంగడి మీద పోసి, రెండు కుప్పలు చేయించాడు. తొండుపల్లిలో ఈసారి కొండల్ ముందున్నాడు. బడంగ్‌పేట్‌లో మామ. కుప్పలు దాదాపు సమంగా వచ్చాయి. చివరికి నన్ను పిలిచారు. అంతమంది మగవాళ్ల మధ్య నేను ఒడి విప్పి గొంగడి మీద దులిపాను. నా తల పైకి లేవలేదు.

శంకరయ్య తుక్కుగూడ మొదటి కుండలో మిగిలిన చింతగింజలను పక్కన పెట్టి పోల్చాడు. ఈసారి చింతగింజలు తక్కువ వచ్చాయి. గుంపులో గొణుగుడు మొదలైంది.

“మా ఆడోళ్లు మేం చెప్పింది వేయలే,” అన్నాడు తుక్కుగూడ మనిషి ఒకడు. “గిదెట్ల చెల్లుతది? వేయవలసింది మేము.”

కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. మొదటి లెక్క ప్రకారం పోతే మామ గెలిచేలా ఉంది. ఇప్పటి లెక్కన కొండల్. శంకరయ్య చేతులు ఆపి మామ వైపు చూశాడు. అందరూ మామ వైపే చూశారు.

మామ కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

“మనం ఏమనుకున్నం?” అన్నాడు. “పొయ్యికో గింజ అనుకున్నం. మీరెన్నడన్న పొయ్యి కాడ కూసున్నరా?”

శంకరయ్య లెక్క ముగించి కొండల్ పేరు చెప్పాడు. మూడు గింజల తేడా. మామ లేచి కొండల్‌ను ఎడమ భుజం మీద తట్టాడు. కుడి భుజం ముట్టలేదు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన భుజాలు కిందికి దిగడం చూశాను. ఓడినందుకో, తప్పించుకున్నందుకో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

“సరిగనే మోసుకొచ్చినవు బిడ్డా,” అన్నాడు నాతో, నా కళ్లలోకి చూడకుండా.

కొండల్ గుంపులో తల్లి కోసం వెతికాడు. లచ్చమ్మ పెద్దమ్మ దూరంగా బండ పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అతను చెయ్యి ఊపాడు. ఎడమ చెయ్యి. ఆమె ఊపలేదు.

*

తొలి వానలకే పోలీసులు కొండల్‌ను తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో చెప్పేవాడు లేడు. ఆ వారంలోనే మా ఆయన, ఇంకొందరు ఊరు విడిచి గుట్టల్లోకి వెళ్లిపోయారు. పోయేముందు మా ఆయన అమ్మ కాళ్లకు మొక్కి, ఎక్కడికి పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో అంతా ఆమెకే చెప్పాడు. నేను పక్కన నిలబడి విన్నాను.

లచ్చమ్మ పెద్దమ్మ ఒక మూట నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఒంటరిగా ఉంటే పటేలు మనుషులు ఊరుకోవడం లేదంది. ముగ్గురు ఆడవాళ్లం, ఒక పిల్ల. పొయ్యి ఒక్కటే. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి ఇద్దరు ముసలివాళ్లూ పొద్దంతా వాదులాడుకునేవారు. నాకు ఆ వాదులాట వినపడుతున్నంతసేపే ధైర్యం. ఇల్లు నిశ్శబ్దమైతే తలుపు వైపు చూసేదాన్ని.

జొన్న చేలో ముగ్గురం కలుపు తీస్తున్న ఒక పొద్దున, పిల్ల గట్టు మీద గొంగడిలో ఆడుకుంటోంది. మా అత్త నడుము నిలబెట్టి, ఏదో చాలా రోజులుగా అడగాలనుకున్నట్టు పెద్దమ్మను అడిగింది. వాగు దగ్గరి మాట పెద్దమ్మే ఆమెతో ఎప్పుడో చెప్పినట్టుంది.

“గా నాడు నాలుగు గింజలు నీళ్లల్ల పారేసుంటే కొండల్ ఇయ్యాల ఇంట్లనే ఉండును గదనే వదినె.”

నా చేతిలో గడ్డి ఆగిపోయింది. పెద్దమ్మ మాత్రం పని ఆపలేదు.

“ఉండును,” అంది. “ఇంట్లనే ఉండును. పొద్దుగాల లేస్తే నేనే గటక పోసి ముంగట పెడుదు.” ఒక మొక్క పీకి, వేళ్ల మట్టి దులిపింది. “వాడు తింటుంటే వాని మొఖం దిక్కు ఎట్ల చూద్దునో, గదే తెల్వదు.”

అత్త తన సాలు సగంలో వదిలేసి, వచ్చి పెద్దమ్మ సాలులో ఆమె పక్కనే వంగింది.